దర్శనం చూసిన పేతురుని కూడా అడిగారు



ఇది కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి. మన గ్రూపులో ఆదివారం మందిరానికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, వెళ్ళనివాళ్ళు ఉన్నారు, పండక్కి దిమ్సా ఆడి ఆదివారం ప్రార్థనకి కూర్చునేవాళ్ళూ ఉన్నారు. చర్చి గొడవ మాకెందుకు అని ఎవరూ దాటేసి వెళ్ళొద్దు. ఇందులో మన అందరి ఎస్టీ సర్టిఫికెట్ సంగతి కూడా ఉంది.

మేము చర్చిలో పుట్టి పెరిగిన పిల్లలం. అక్షరాలు దిద్దకముందే సండే స్కూల్లో పాటలు నేర్చుకున్నాం. మా గూడేలకి రోడ్డు లేనప్పుడు వానలో నడిచొచ్చి ప్రార్థన చేసిన పాస్టర్లని చూశాం. సారా మానిపించినవాళ్ళు, మా అమ్మలకి చదవడం నేర్పినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. వాళ్ళ మీద మాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే ఈ మాటలు రాస్తున్నాం. పరాయివాళ్ళమైతే ఇంత బాధ ఉండేది కాదు.

పోయిన వేసవి సెలవుల్లో మాలో కొంతమందిమి కింద టౌన్‌లో ఒక యువజన శిక్షణకి వెళ్ళాం. రెండు రోజులు. పేరు చాలా బాగుంది: సృజనాత్మక నాయకత్వం. మొదటి రోజు స్టేజి మీద లైట్లు ఎలా పెట్టాలో, కీబోర్డు వెనక ఎలా మోగాలో, వాక్యాన్ని రీల్స్‌గా ఎలా కత్తిరించాలో, లైవ్‌కి ఎక్కువమంది ఎలా వస్తారో చెప్పారు. రెండో రోజు అసలు సంగతికి వచ్చారు. నాయకుడికి దేవుడు దర్శనం ఇస్తాడట. సంఘం పని ఆ దర్శనాన్ని మోయడమేనట. మాలో ఒక చెల్లి చెయ్యెత్తి అడిగింది, "ఆ దర్శనం దేవుడి దగ్గరనుంచి వచ్చిందో, మన బుర్రలోంచి వచ్చిందో ఎవరు చూస్తారండి?" హాల్లో నవ్వారు. చెప్పేవారు కూడా నవ్వి, "విశ్వాసం ఉన్నవాళ్ళకి ఆ ప్రశ్న రాదమ్మా" అన్నారు.

ఆ చెల్లి బస్సులో ఇంటికొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె అడిగిన ప్రశ్న విశ్వాసం లేని ప్రశ్న కాదు. బైబిల్లో ఉన్న ప్రశ్నే. అపొస్తలుల కార్యములు 10, 11 అధ్యాయాలు తీసి చూడండి.

యొప్పేలో పేతురు మిద్దె మీద ప్రార్థన చేసుకుంటున్నాడు. ఆకలేసింది. అప్పుడు దర్శనం వచ్చింది. నాలుగు చెంగులూ పట్టి దింపిన పెద్ద దుప్పటి లాంటిది, అందులో తన ధర్మం ప్రకారం తినకూడని జంతువులు, తినమని ఒక స్వరం. మూడుసార్లు జరిగింది. అయినా పేతురుకి అర్థం కాలేదు. ఇదేంటా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. దర్శనం చూసినాయన వెంటనే కిందికి దిగి మైకు పట్టుకోలేదు. కొర్నేలీ పంపిన మనుషులు గుమ్మం ముందుకి వచ్చాకే సంగతి విడడం మొదలైంది. కైసరయకి వెళ్ళేటప్పుడు కూడా ఒక్కడే పోలేదు. ఆరుగురు సహోదరుల్ని వెంట తీసుకెళ్ళాడు.

యెరూషలేముకి తిరిగి వచ్చాక అక్కడి విశ్వాసులు నిలదీశారు. సున్నతి లేనివాళ్ళ ఇంటికెళ్ళి వాళ్ళతో కలిసి ఎందుకు తిన్నావు అని. ఎవర్ని? యేసుతో తిరిగిన పేతురుని. ఆయన "అభిషిక్తుణ్ణి ప్రశ్నిస్తారా" అనలేదు. "మీకు ఆత్మీయత లేదు" అనలేదు. మొదట్నుంచి వరుసగా చెప్పుకొచ్చాడు. ఈ ఆరుగురూ నాతో వచ్చారు అని చూపించాడు. అంతా విన్నాక అడిగినవాళ్ళు ఒప్పుకుని దేవుణ్ణి స్తుతించారు.

మేము చెప్పదల్చుకున్నదంతా ఇందులో ఉంది. దర్శనం చూసినవాడు అర్థం కాలేదని ఒప్పుకున్నాడు. తోడు మనుషుల్ని తీసుకెళ్ళాడు. అడిగినప్పుడు లెక్క చెప్పాడు. ఇంకోటి కూడా చూడండి. ఆ దర్శనం పేతురుకి సొంతంగా ఏమీ తెచ్చిపెట్టలేదు. పేరు పోయే పని చేయించింది. వేరే జనానికి తలుపు తీయించింది. మన దగ్గర వినబడే దర్శనాలు మాత్రం ఎప్పుడు చూసినా పెద్ద మందిరం, కొత్త బండి, కొత్త సౌండ్ బాక్సుల వైపే ఎందుకు వెళ్తాయో మాకు అర్థం కాదు.

మా ఊరి సంగతి చెప్తాం. ఊరి పేరు, మనిషి పేరు రాయం, మాకు కావాల్సింది ఎవరి పరువూ తీయడం కాదు. కింద నుంచి వచ్చిన ఒక పాస్టరు గారు ఒక ఆదివారం దర్శనం వచ్చిందన్నారు. రేకుల మందిరం తీసేసి స్లాబు వేయాలి, ఆ ఏడాది కాఫీ గింజలు అమ్మిన డబ్బులోంచి ప్రతి ఇల్లూ ఇంత ఇవ్వాలి అన్నారు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ ఏడాది కాపు బాగాలేదని ప్రతి ఇంటికీ తెలుసు, ఆయనకి తెలీదు. స్త్రీల సమాజంలో ఒక అక్క లేచి, ముందు మంచినీళ్ళ ఊట దగ్గర గట్టు కట్టుకుందాం అయ్యగారూ, పిల్లలకి వాంతులు అవుతున్నాయి అంది. మరుసటి వారం నుంచి ఆమెతో పాటలు పాడించడం ఆపేశారు. డబ్బు వసూలైంది, పిల్లర్లు లేచాయి, తర్వాత ఆయన వేరే ఊరికి మారిపోయారు. పిల్లర్ల మీద చువ్వలు ఇప్పటికీ తుప్పు పట్టి నిలబడే ఉన్నాయి. ఊట దగ్గర గట్టు ఇప్పటికీ లేదు.

ఎవరిది దర్శనం? ఆకాశంలో కనబడిందని చెప్పినాయనదా, బిందె పట్టుకుని రోజూ ఆ ఊట దగ్గరకి నడిచే అక్కదా?

చర్చి నాయకుడికి అంతర్దృష్టి ఉండాలంటారు. మేమూ అదే అంటాం. పుస్తకంలో లేని సంగతి, ఎవరూ నోటితో చెప్పని సంగతి లోపల తెలియడం అనేది నిజంగా ఉంటుంది. మన ముసలమ్మలు గాలి వాసన చూసి వాన చెప్తారు. పిల్ల ఏడుపు విని ఏం జబ్బో చెప్తారు. కానీ ఆ తెలివి ఎక్కడి నుంచి వచ్చింది? డెబ్భై ఏళ్ళు అదే కొండ మీద, అదే మనుషుల మధ్య ఉంటే వచ్చింది. ఊరితో ఉండకుండా, ఊరి భాష వినకుండా, ఆదివారం బండి మీద వచ్చి మధ్యాహ్నం కూర తిని వెళ్ళిపోయేవాళ్ళకి ఊరి గురించి ఏ అంతర్దృష్టి వస్తుంది?

తోచడం అనే మాట ఉంది కదా మనకి. అపొస్తలుల కార్యములు 15లో ఆదిసంఘానికి పెద్ద చిక్కు వచ్చింది. యూదులు కానివాళ్ళు యేసుని నమ్మాలంటే ముందు యూదుల ఆచారాలన్నీ పట్టాలా? దాని మీద కూర్చున్నారు. చాలా వాదన జరిగింది. పేతురు మాట్లాడాడు, బర్నబా, పౌలు మాట్లాడారు, జనం విన్నారు, చివర్లో యాకోబు తేల్చాడు. తర్వాత రాసిన ఉత్తరంలో మన తెలుగు బైబిలు వాడిన మాట 'తోచెను'. ఎవరికి తోచింది? యాకోబు ఒక్కడికి కాదు. ఆత్మకీ, అక్కడ కూర్చున్న వాళ్ళకీ కలిపి తోచింది. నాకు తోచింది అనడం సులువు. మాకు తోచింది అనాలంటే కూర్చోవాలి, వినాలి, ఒక్కోసారి ఓడిపోవాలి.

ఆ రోజు వాళ్ళు తేల్చింది చూస్తే మనకి ఇంకా దగ్గరగా ఉంటుంది. కొత్తవాళ్ళ మీద మోయలేని బరువు పెట్టొద్దు, వాళ్ళు యూదులు కానక్కర్లేదు అన్నారు. మరి మా దగ్గర ఏమైంది? యేసుని నమ్మడానికి ముందు మమ్మల్ని మైదానపు మనుషుల్ని చేశారు. పాట మైదానంది, మాట మైదానంది, వాయిద్యం మైదానంది. మా నానమ్మలకి కువిలో ప్రార్థన చేసుకోవడం వచ్చు, మందిరంలో మాత్రం తెలుగులో 'ఆమేన్' అని ఊరుకుంటారు. కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 14లో పౌలు ఏమన్నాడు? వినేవాళ్ళకి అర్థం కాని భాషలో మాట్లాడితే సంఘానికి లాభం లేదన్నాడు. అదే అధ్యాయంలో, ప్రవచనం చెప్పినవాళ్ళ మాటని మిగతావాళ్ళు తూచి చూడాలని కూడా అన్నాడు. రెండూ మా మందిరంలో ఎప్పుడూ వినలేదు.

తుడుము, కిరిడి, మోరి వాయిస్తే దయ్యాలు వస్తాయని చిన్నప్పుడు మాకు చెప్పారు. మిజోరం సంగతి చూడండి. అక్కడికి 1894లో మిషనరీలు వచ్చారు. మిజోల డోలుని ఖువాంగ్ అంటారు. మొదట్లో దాన్ని చర్చిలోకి రానివ్వలేదు, పాత తాగుడుతో, పాత ఆటలతో కలిసిపోయిందని. ఆ జనం ఊరుకోలేదు. 1919 ఉజ్జీవం టైమ్‌లో మిజోలు సొంత బాణీలో, సొంత మాటల్లో పాటలు కట్టుకున్నారు, డోలు లోపలికి వచ్చింది. ఈరోజు ఖువాంగ్ లేని మిజో చర్చిని ఊహించడం కష్టం. పై నుంచి ఎవరో గీసిచ్చిన ప్లాను కాదు అది. పాడే జనంలోంచి పుట్టింది.

అదే మిజోల దగ్గర ఇంకో పద్ధతి ఉంది. 1910 ప్రాంతం నుంచి ఆడవాళ్ళు పూట పూటా వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు పక్కన పెడతారు. దాన్ని పోగుచేసి అమ్మి చర్చి పనికి ఇస్తారు. చేతిలో డబ్బు లేని ఇల్లు కూడా ఇవ్వగల కానుక అది. సృజనాత్మక నాయకత్వం అంటే మాకు ఇదీ. దీనికి స్లైడ్లు లేవు, లైట్లు లేవు. ఇంట్లో ఏముందో, ఏం లేదో తెలిసినవాళ్ళు ఆలోచించారు.

ఇలా అంటే మమ్మల్ని మైదానం వాళ్ళంటే పడదు అంటారు. అదీ తప్పే. డోర్నకల్ బిషప్ అజరయ్య గారు ఎక్కడివారు? తిరునల్వేలి తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో తిరిగారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీ త్యాగాలు సరే, మాకు మీ స్నేహం కావాలి అనే అర్థంలో మాట్లాడారు. చాలామందికి కోపం వచ్చింది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన కట్టించిన డోర్నకల్ కెథీడ్రల్ 1939లో ప్రతిష్ఠ జరిగింది. వెళ్ళి చూడండి, అది ఇంగ్లండు చర్చికి నకలు కాదు, గుడినీ మసీదునీ గుర్తు తెచ్చే కట్టడం. ఆయన ఎక్కువగా మాల, మాదిగ పల్లెల్లో పని చేసి, పెద్ద చదువు లేని పల్లె మనుషుల్ని బోధకులుగా, గురువులుగా తయారుచేశారు. కాబట్టి బయటి నుంచి రావడం తప్పు కాదు. వచ్చి నేర్చుకోకపోవడం తప్పు. ఎడిన్‌బరోలో ఆయన తెల్లవాళ్ళని అడిగినదే ఈరోజు మేము కింద నుంచి వచ్చే అయ్యగార్లని అడుగుతున్నాం.

ఇప్పుడు సర్టిఫికెట్ సంగతికి వద్దాం. చర్చికి వెళ్ళనివాళ్ళు కూడా ఇది చదవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఎస్సీలకి మతం షరతు ఉంది, ఎస్టీలకి లేదు. మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదు. అయితే 2004లో సుప్రీంకోర్టు, కేరళ ప్రభుత్వానికీ చంద్రమోహనన్‌కీ మధ్య కేసులో, మతం మారితే హోదా దానంతట అదే పోదని చెప్తూనే, ఆ మనిషి తన తెగ ఆచారాలూ సంప్రదాయాలూ ఇంకా పాటిస్తున్నాడా, ఆ వెనకబాటు ఇంకా అనుభవిస్తున్నాడా అనేది చూడాల్సిన సంగతే అంది. మతం మారినవాళ్ళని ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలని అరిచేవాళ్ళు పట్టుకున్న కొస ఇదే. వాళ్ళు ఆదివాసీల్లాగా బతకడం లేదు అంటారు. ఆ మాటకి సాక్ష్యం ఎవరు తయారుచేస్తున్నారు? దిమ్సా ఆడితే పాపం, కొత్త పండక్కి మేనమామ ఇంటికెళ్తే పాపం, చావుకెళ్ళి తుడుము చప్పుడు విన్నా పాపం అని మైకులో చెప్పే నాయకులు కాదా? ఆయనకి నష్టం లేదు, ఆయన సర్టిఫికెట్ వేరు. మా భూమికి అడ్డుగా నిలబడ్డ 1/70 చట్టం, మా సీట్లు, మా ఉద్యోగాలు మేము ఆదివాసీలం కాబట్టే ఉన్నాయి. మైకులో అన్న ఒక్క మాట ఎంత దూరం వెళ్తుందో ఆలోచించని మనిషిని దూరదృష్టి ఉన్న నాయకుడు అని ఎలా అనమంటారు?

దేవతకి పెట్టిన మాంసం తినాలా వద్దా అనేది నిజమైన ప్రశ్నే. మేము దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. పౌలు కూడా కొరింథీయులకి దాని గురించి చాలా పొడుగ్గా రాశాడు, బలహీనుడి మనసు నొప్పించొద్దన్నాడు. అందుకే ఇది ఊరివాళ్ళం కూర్చుని, పెద్దల్ని అడిగి, బైబిలు తెరిచి ఆలోచించాల్సిన ప్రశ్న. పండగలో ఏది పూజ, ఏది పంట, ఏది చుట్టరికం అని విడదీసి చూడగలిగేది మనమే. అమ్మా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, వాళ్ళు ఆలోచించరు, మమ్మల్ని ఆలోచించనివ్వరు.

ఇంకో మాట అంటారు. సంఘం అంటే ఓట్లు కాదు, మోషే ఎవర్నైనా అడిగాడా అని. అడక్కపోయినా విన్నాడు. నిర్గమకాండము 18లో పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెప్తుంటే మామ యిత్రో చూసి, ఇలా చేస్తే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు, పని పంచు అన్నాడు. యిత్రో ఎవరు? మిద్యాను యాజకుడు. మోషే మతంవాడు కాదు. అయినా మోషే ఆయన చెప్పినట్టే చేశాడు. మన ఊళ్ళో దిసారి తాతని ఎప్పుడైనా ఒక పాస్టరు గారు సలహా అడిగారా? సంఖ్యాకాండము 11లో ఎల్దాదు, మేదాదు అనే ఇద్దరు గుడారం దగ్గరికి రాకుండా పాళెంలోనే ఉండి ప్రవచించారు. యెహోషువ ఆపమన్నాడు. మోషే ఆపలేదు, జనమంతా ప్రవక్తలైతే బాగుండు అనుకున్నాడు. మా దగ్గర ఎల్దాదు, మేదాదు ఇద్దరూ ఆడవాళ్ళే, వంటపొయ్యి దగ్గర ఉన్నారు. వాళ్ళని ఆపేవాళ్ళే ఎక్కువ.

వాళ్ళని ఆపేవాళ్ళు లేని ఒక కాలం మేము కళ్ళారా చూశాం. 2020 లాక్‌డౌన్. కింద నుంచి ఎవరూ పైకి రాలేకపోయారు. హాస్టళ్ళు మూసేస్తే మేమంతా ఊళ్ళోనే ఉన్నాం. మొదటి రెండు ఆదివారాలు మందిరం తాళం తీయలేదు. మూడో వారం, పాటలు ఆపేశారని చెప్పామే, ఆ అక్క తన వాకిట్లో చాప వేసింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు దూరం దూరంగా కూర్చున్నారు. ప్రార్థన కువిలో జరిగింది. తర్వాత ఎవరింట్లో బియ్యం అయిపోయాయో మాట్లాడుకున్నారు. ఎవరికి నెలలు నిండాయో, రాత్రిపూట నొప్పులొస్తే డోలీ ఎవరు మోస్తారో పేర్లు అనుకున్నారు. మోసేవాళ్ళలో చర్చికి రాని కుర్రాళ్ళూ ఉన్నారు. నిజంగానే ఒక రాత్రి మోశారు. తల్లీ బిడ్డా క్షేమం. ఆ బిడ్డ ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తోంది.

లాక్‌డౌన్ అయ్యాక మందిరం తాళం తీశారు. ఆ అక్క మళ్ళీ వెనక వరసలో కూర్చుంది. ఆమె చేసింది నాయకత్వం అని ఎవరూ అనలేదు. మేమూ అనలేదు. అది మా తప్పు, ఒప్పుకుంటున్నాం.

చెట్టు కింద కూర్చుని మాట తేల్చుకోవడం మనకి కొత్త కాదు. 1996లో వచ్చిన పెసా చట్టం కూడా గ్రామసభ మాటకి విలువ ఇచ్చింది. ప్రభుత్వం మన మాట వినాలని ధర్నాలు చేస్తున్నాం. మన మందిరంలో మన మాట వినబడకపోతే నోరు మూసుకుంటున్నాం. ఇదేం న్యాయం?

అందుకని మన గూడేల్లో యువతీ యువకుల్ని అడుగుతున్నాం. ఈ క్రిస్మస్ లోపు మీ సంఘంలో నాలుగు పనులు మొదలుపెట్టండి. మేము మా ఊళ్ళో మొదలుపెడుతున్నాం.

ఒకటి, కానుకల లెక్క నెలనెలా మందిరం గోడ మీద అంటించమని మర్యాదగా అడగండి.

రెండు, ఎవరికి దర్శనం వచ్చినా ఒక నెల ఆగుదాం అనండి. స్త్రీల సమాజం, యువకులు, పెద్దలు కూర్చుని మాట్లాడాకే డబ్బు ముట్టుకుందాం అనండి. పేతురే ఆగాడు, మనకేం తొందర.

మూడు, ప్రతి ఆదివారం ఒక్క పాట, ఒక్క ప్రార్థన అయినా సొంత భాషలో జరగాలి. కువి, కోయ, సవర, ఆదివాసీ ఒడియా, ఏదైనా సరే. నానమ్మలకి తెలిసిన బాణీలు ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్ళు పోయాక ఏ యూట్యూబ్‌లోనూ దొరకవు.

నాలుగు, చర్చికి రాని మన చుట్టాల ఇంటికి వెళ్ళండి. కలిసి కూర్చోండి. ఎందుకెళ్ళారని ఎవరైనా నిలదీస్తే కోపం తెచ్చుకోకండి. పేతురు లాగే మొదట్నుంచి వరుసగా చెప్పండి.

ఇవి అడిగినందుకు మిమ్మల్ని పాటల్లోంచి తీసేయొచ్చు, మైకు ఇవ్వకపోవచ్చు. బస్సులో మాట్లాడకుండా కూర్చున్న మా చెల్లి ఇప్పుడు ఆ ఊట దగ్గర గట్టు కోసం పేర్లు రాస్తోంది. ఇంటికో మనిషి, రెండు రోజుల పని. మందిరానికి వచ్చే ఇళ్ళూ, రాని ఇళ్ళూ రెండూ ఆ కాగితంలో ఉన్నాయి. మొదటి పేరు వెనక వరసలో కూర్చునే అక్కది. పాస్టరు గారికి కూడా కాగితం చూపిస్తాం. ఆయన కూడా ఒక పార పట్టుకుని వస్తే మాకు చాలా సంతోషం.

జోహార్.